కుక్క వాటా పాలు

ఆ రోజు డాక్టరు అడిగింది ఒక్కటే ప్రశ్న. ఈ కూనకు ఇన్నాళ్లూ ఏమేం పెట్టారు? జవాబు చెప్పింది నేను. జొన్నరొట్టె, మజ్జిగ, గొర్రెపాలు, ఎప్పుడైనా ఒక ఎముక. నాలుగు చెప్పి ఊరుకున్నాను. అయిదోది ఒకటి ఉంది. అది నా చేత్తో నేను ఇచ్చింది. పక్కన నిలబడిన ఆడమనిషి దాన్ని చెప్పబోయింది.

"ఆ తెల్లమందు సామీ..." అంది.

"నువ్వు ఆగమ్మా, నేను చెప్తాండా గదా" అన్నాను.

ఆమె ఆగింది. నేను చెప్పలేదు.

ఇది జరిగి పదకొండేళ్లు దాటింది. ఆ కూన గురించి, ఆమె గురించి కోసిగి చుట్టుపక్కల గొర్రెలోళ్ల ఇళ్లలో ఒక కథ తిరుగుతూ ఉంది. అది తప్పు కథ. అసలు జరిగిందేమిటో మొదటి నుంచీ తెలిసినవాణ్ణి నేనే కాబట్టి వరసగా రాస్తున్నాను.

అప్పట్లో నేను కోసిగికి దగ్గర్లోని ఒక పల్లెలో పశువుల ఆసుపత్రి అటెండరును. ఆసుపత్రి అంటే రెండు గదులు, ఒక నీళ్లతొట్టి, గొడ్లను కదలకుండా నిలబెట్టే ఇనుప చట్రం. డాక్టరు వారానికి రెండు రోజులు ఆదోని నుంచి వచ్చేవాడు. మిగతా రోజుల్లో తలుపు తీసేది, పుండ్లు కడిగేది, గొర్రెలకు నట్టల మందు తాపేది నేనే. గొర్రెలోళ్లు నన్ను డాక్టరు సామి అని పిలిచేవాళ్లు. నేను డాక్టరును కాదని మొదట్లో చెప్పేవాణ్ణి. కొన్నాళ్లకు చెప్పడం మానేశాను. ఆ పిలుపు విన్న రోజు ఒక ముద్ద ఎక్కువే తినేవాణ్ణి.

మా దగ్గరికి తరచుగా వచ్చే మందల్లో ఒకటి ఒక ముసలాయనది. రెండువందల పైచిలుకు గొర్రెలు, నల్లబొచ్చువి. పెద్దకొడుకు మందతో తిరిగేవాడు. చిన్నకొడుకు బెంగళూరులో బిల్డింగు పనికి పోయాడు. మా వైపు అది వింత కాదు, వానలు పోయాక సగం ఇళ్లకు తాళాలే ఉంటాయి. ఇద్దరు కోడళ్లూ ముసలాయన దగ్గరే ఉండేవాళ్లు. నేను చెబుతున్న మనిషి చిన్నకోడలు. అప్పటికి ఆమెకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. మూడేళ్ల ఆడపిల్ల తల్లి.

ఏటా ఎండలు ముదరకముందే ఆ మంద కాలినడకన మైదుకూరు వైపు పోయేది. అక్కడ కాలువ కింద వరి కోసిన మళ్లలో మంద ఆపితే ఎరువు పడుతుందని రైతులు పిలుస్తారు. పోవడానికి పదిహేను ఇరవై రోజులు, రావడానికి అన్ని రోజులు. గొర్రె మేతకు ఆగినప్పుడు మనిషి కూడా ఆగుతాడు. కుక్క ఆగదు. వెనకబడ్డదాన్ని కలుపుతూ, గట్టు ఎక్కి చూస్తూ, మంద చుట్టూ తిరుగుతూనే ఉంటుంది. మనిషి ఒక మైలు నడిస్తే అది మూడు నడుస్తుంది. అందుకే వాళ్లు కుక్కను చూసేటప్పుడు మొహం చూడరు, కాళ్లు చూస్తారు.

ఆ యేడు వాళ్ల పాత కుక్క ముసలిదైపోయింది. ముసలాయన ఆదోనిలో ఒక పత్తిమిల్లు నుంచి కూనను తెచ్చాడు. తండ్రి మిల్లు కాపలాకు ఎక్కడినుంచో తెచ్చిన పెద్దజాతి కుక్క, తల్లి మామూలు మందకుక్క. కూనకు అప్పటికి నెలన్నర. పాదాలు మాత్రం పెద్దకుక్కవి.

"చూడు సామీ, పులిపాదాలు" అని దాని ముందుకాలు ఎత్తి నాకు చూపించాడు. "ఇది ఎదిగి నిలబడితే తోడేలు తుంగభద్ర దాటి పారిపోవల్ల."

వాళ్ల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మందకు కొత్త కూన వచ్చినప్పుడు, పిల్ల చచ్చిన గొర్రెను ఒకదాన్ని చూసి దాని చెవికి ఎర్రదారం కడతారు. కూన పెరిగేదాకా ఆ గొర్రె పాలు కుక్కవి. ఇంట్లో పసిబిడ్డ పాలకు ఏడ్చినా వాటిని ముట్టరు. కుక్క వాటా తిన్న ఇంటికి తోడేలు వచ్చి తన వాటా అడుగుతుందని వాళ్ల మాట. ఆ పాలు పితికి కూనకు పోసే పని ఇంట్లో ఒక ఆడమనిషికి అప్పగిస్తారు. చిన్న పనే అయినా దానికొక మర్యాద ఉంది. ఏడాదికోసారి చుట్టాలందరూ చేరి బొచ్చు కత్తిరించే రోజున, మొదటి గొర్రె మీద పాలు చల్లేది కూడా ఆమే. ఆ యేడు ముసలాయన ఆ పని చిన్నకోడలికి ఇచ్చాడు. పెద్దకోడలికి అది మింగుడు పడలేదని తర్వాత విన్నాను.

చిన్నకోడలికి కుక్కల సంగతి పుట్టింటి నుంచే తెలుసు. కూనకు ఒకేసారి గిన్నె నింపకుండా, రోజుకు నాలుగుసార్లు కొంచెం కొంచెంగా పెట్టేది. ఒకరోజు గొర్రెకు మందు తాపించడానికి ఆసుపత్రికి వచ్చినప్పుడు కూన కూడా వెంట వచ్చింది. దాని వీపు నిమిరితే పక్కటెముకలు చేతికి తగిలాయి.

"ఏమ్మా, దీనికి కడుపునిండా పెట్టవా?" అన్నాను.

"పెడితే తింటాది సామీ. పగిలేదాకా తింటాది. పెద్దకాళ్ల కూనను బిరబిర పెంచగూడదు. ఒళ్లు ముందొచ్చి కాళ్లు ఎనకబడితే వంకరపోతాయి. మా నాయన చెప్తాండె."

"మీ నాయన ఏం చదివినాడు?"

"గొర్రెలు చదివినాడు" అంది.

అరుగు మీద కూర్చున్న ముగ్గురు నలుగురు గట్టిగా నవ్వారు. నేనూ నవ్వాను. కానీ నా ఆసుపత్రి అరుగు మీద, నలుగురి ముందు, చదువు లేని ఒక ఆడమనిషి నా నోరు మూయించిందని లోపల గుచ్చుకుంది. ఆ తర్వాత నేను చేసినదానికి అదొక్కటే కారణమని చెప్పలేను. బీరువా తెరుస్తున్నప్పుడు మాత్రం ఆ నవ్వు నా చెవుల్లోనే ఉంది.

బీరువాలో పాడి గేదెలకిచ్చే కాల్షియం క్యాన్లు ఉండేవి. తెల్లగా, చిక్కగా ఉండే మందు. డాక్టరు చీటీ రాస్తేనే, ఈనిన గేదెలకే ఇవ్వాలి. నేను చీటీ లేకుండా ఒక సీసా నింపి ఆమె చేతికిచ్చాను.

"రొట్టెలో రోజూ రెండు మూతలు కలుపు. ఎముక ఇనుమైతాది. ఇంగ ఎంత పెట్టినా కాళ్లు వంకరపోవు."

ఆమె సీసాను అటూ ఇటూ తిప్పి చూసింది. "ఇది ఎనుములకు తాపేది గదా సామీ?"

"దేనికైనా ఎముక ఎముకేనమ్మా. పాలు, రొట్టె కూడా పెంచు. నేను చెప్తాండా గదా."

ఆమె తీసుకుపోయింది. తండ్రి చెప్పినదానికి, నేను చెప్పినదానికి మధ్య ఆమె ఎంతసేపు ఆలోచించిందో నాకు తెలియదు. నెల తిరక్కుండానే ముసలాయన వచ్చి, కూన ఆవుదూడ మాదిరి పెరుగుతాందని మురిసిపోతూ ఇంకో సీసా అడిగాడు. మూడు మూతలు చెయ్యమన్నాను. ఆ తర్వాత ఇంకో సీసా పోయింది.

అయిదో నెలలో కూన కుంటడం మొదలుపెట్టింది. ముందు పొద్దున లేచేటప్పుడు మాత్రమే కుంటేది. తర్వాత కుడి ముందుకాలు, పాదానికి పైన ఉండే కీలు దగ్గర ఉబ్బింది. కాలు బయటికి వంగింది. నొప్పికి తిండి మానేసి పదిహేను రోజుల్లో ఎండిపోయింది. ముసలాయన జబ్బ మీద వాత పెడతానని కొడవలి కాల్చాడట. చిన్నకోడలు అడ్డం పడి, డాక్టరు వచ్చే రోజున, గొర్రెపిల్లను మోసినట్టు కూనను మెడ మీద వేసుకుని రెండు మైళ్లు నడిచి తీసుకొచ్చింది. ముసలాయన, పెద్దకోడలు వెనకే వచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు.

డాక్టరు దాన్ని బల్ల మీద పడుకోబెట్టి ఒక్కో కీలు వంచి చూశాడు. కూన కరవలేదు, ఆయన మణికట్టు నాకింది. అప్పుడే ఆ ప్రశ్న అడిగాడు. చీటీ లేకుండా మందు బయటికి పోయిందని తెలిస్తే నా పని పోతుంది. అప్పటికి నా ఉద్యోగం పర్మినెంటు కాలేదు. అందుకే నాలుగు చెప్పి, అయిదోది చెప్పబోయిన మనిషిని ఆపాను.

నేను చెప్పిన నాలుగింటిని బట్టి, ఎండిపోయిన ఆ ఒంటిని బట్టి, ఏ డాక్టరైనా అదే అంటాడు. "తిండి చాల్లేదు. పాలు సరిగా అందలేదు, ఎముకల్లో బలం లేదు. కాల్షియం రాస్తున్నా, నెలరోజులు తాపండి" అన్నాడు. ఆ చీటీ తీసుకుని, అదే క్యాన్లోంచి అదే మందును నేనే కొలిచి ఇచ్చాను.

బయట మెట్ల మీద ముసలాయన ఆగాడు.

"పాలు అందలేదంట. వింటివా మే?"

"పోస్తనే ఉండా మామా. పూటపూటా పోస్తనే ఉండా."

"పోస్తే యాడికి పోయినాయి?"

పెద్దకోడలు ఒక మెట్టు దిగి వెనక్కి తిరిగింది. "యాడికి పోతాయి మామా, ఇంట్లోనే ఉండాయి" అంది. "చిన్నపాప బుగ్గలు చూడు, తెలుస్తాది."

చిన్నకోడలు నా వైపు చూసింది. బతిమాలుతున్నట్టు లేదు. ఇప్పుడైనా చెప్తాడులే అని ఎదురుచూస్తున్న మనిషిలా, నిదానంగా చూసింది. నేను చీటీల పుస్తకం సర్దుకోవడానికి లోపలికి పోయాను.

ఆ తర్వాత జరిగింది కొంత చూశాను, కొంత విన్నాను. చీటీ మందు మొదలుపెట్టిన పదిరోజులకు కూన ఎడమకాలు కూడా వంగింది. ఆ యేడు అది మైదుకూరు నడకకు పోలేదు. సరైన కుక్క లేక దారిలో తోడేలు మూడు గొర్రెపిల్లలను ఎత్తుకుపోయింది. ఇంకేముంది, తోడేలు తన వాటా అడిగిందన్నారు. అంతవరకు అనుమానంగా ఉన్నవాళ్లకు కూడా దాంతో అనుమానం తీరింది. ఎర్రదారం గొర్రె, బొచ్చు కత్తిరించే రోజు పాలచెంబు పెద్దకోడలి చేతికి పోయాయి. చిన్నకోడలికి కుక్కపాలామె అని పేరు పడింది. బెంగళూరు నుంచి వచ్చిన మొగుడు ఆ పేరు విని రెండు రోజులు ఆమె చేతి కూడు తినలేదని మా అరుగు మీదే ఎవరో చెప్పుకున్నారు. నేను అప్పుడు ఒక ఎద్దు గిట్టకు కట్టు కడుతున్నాను. వింటూ కట్టు కట్టడం పూర్తిచేశాను.

ఆమె మళ్లీ ఆసుపత్రికి రాలేదు. సంతలో ఒకటి రెండుసార్లు కనబడింది. నేనే వేరే దారిన పోయాను.

ఇక్కడ ఒక సంగతి విడమరిచి చెప్పాలి. కూన కాళ్లు చెడగొట్టింది కాల్షియమేనని అప్పటికి నాకు తెలియదు. దొంగచాటుగా మందు ఇచ్చానన్న భయమే ఉండేది. కానీ పాలు ఆమె తీసుకోలేదని మాత్రం నాకు మొదటి రోజు నుంచీ తెలుసు. తిండి చాలని కూన దూడలా పెరగదు. దాన్ని నెలనెలా చూసినవాణ్ణి నేను. ఆ ఒక్కమాట చెప్పినా సరిపోయేది. మందు మాట తేకుండా కూడా చెప్పవచ్చు. ఈ విషయం అప్పట్లో నాకు తట్టలేదంటే అది అబద్ధం.

ఏడేళ్లకు నన్ను మంత్రాలయం వైపు బదిలీ చేశారు. మరుసటి యేడు అక్కడికి చిన్నవయసు డాక్టరమ్మ ఒకామె కొత్తగా వచ్చింది. ఒకరోజు యాత్రికుల లాడ్జి నడిపే ఆయన పెద్దజాతి కూనను కారులో తెచ్చాడు. దించగానే అది కుంటింది. డాక్టరమ్మ ఇంకా చెయ్యి కూడా వెయ్యలేదు.

"కాల్షియం తాపుతున్నారా?" అని అడిగింది.

"రోజూ మేడం, మరిచిపోకుండా" అన్నాడాయన గర్వంగా.

"ఇవాళ్టితో ఆపేయండి."

ఆయన పోయాక, ఎముకకు మంచిదే కదా మేడం అని అడిగాను. ఆమె చేతులు కడుక్కుంటూ చెప్పింది. పెద్దకుక్క తనకు కావలసినంత తీసుకుని మిగిలింది వదిలేస్తుంది. చిన్నకూనకు అది చేతకాదు, తాపినదంతా ఒంట్లోకి పోతుంది. పెరుగుతున్న ఎముక చివరలు అప్పుడు సరిగా తయారుకావు. పెద్దజాతి కూనల్లో ఇది ఎక్కువ. దానికితోడు తిండి ఎక్కువై బరువు పెరిగితే ఆ భారమంతా లేతకీళ్ల మీద పడుతుంది. "నిదానంగా, సన్నగా పెంచాలండీ. పక్కటెముకలు చేతికి తగులుతూ ఉండాలి" అంది.

నేను గది ఊడ్చి, తాళం వేసి ఇంటికి పోయాను. ఆ రాత్రి మా ఆవిడకు మొత్తం చెప్పాను. ఆమె చాలాసేపు విని, "ఇప్పుడు పోయి చెప్తే వాళ్లకేమొస్తాది? ఉన్న మర్యాద పోగొట్టుకుంటావు" అంది. ఆమె అన్నదాంట్లో నాకు అనుకూలంగా ఉన్న భాగాన్ని పట్టుకుని ఇంకో మూడేళ్లు గడిపాను. మొదటిసారి నోరు మూసుకున్నప్పుడు భయం ఉంది, గట్టిపడని ఉద్యోగం ఉంది. ఈ మూడేళ్లలో అవి కూడా లేవు. నేను పర్మినెంటు అయ్యాను, పాత డాక్టరు రిటైరై సొంతూరికి పోయాడు, నన్ను అడిగేవాళ్లు ఎవరూ లేరు. అయినా చెప్పలేదు.

పోయిన చలికాలం ఆదోని నుంచి కోసిగి పోయే బస్సులో, నా ముందు సీట్లో ఇద్దరు ఆడవాళ్లు బడి ఆటలపోటీల గురించి మాట్లాడుకుంటున్నారు.

"పరుగుపందెంలో ఫస్టు వచ్చిందంటనే, ఎవరి పిల్ల మే అది?"

"కుక్కపాలామె కూతురు లే."

"ఓ, అట్లయితే ఉరకకుండా ఎట్లుంటాది. తాగిన పాలు యాడికి పోతాయి?"

ఇద్దరూ నవ్వుకుని వేరే మాటలోకి పోయారు. వాళ్ల నవ్వులో ద్వేషం లేదు. ఆ పేరు ఎందుకు పడిందో కూడా వాళ్లకు తెలిసి ఉండదు. తల్లి నుంచి బిడ్డకు పోయింది, రేపు ఆ పిల్ల ఏ ఊరికి పోతే ఆ ఊరికి పోతుంది. పాలు తాగిందని చెప్పుకున్నప్పుడు ఆ పిల్లకు మూడేళ్లు.

మంద మైదుకూరు వైపు పోయిందని తెలుసుకుని, ఎండలు మొదలయ్యాక రెండు రోజులు సెలవు పెట్టి బస్సెక్కాను. కర్నూలులో మారి, మైదుకూరులో దిగి, అడుగుతూ పోతే నాలుగు మైళ్ల అవతల కోసిన వరిమళ్లలో వాళ్ల వలల దడి కనబడింది. ముసలాయనకు చూపు తగ్గి ఊళ్లోనే ఉన్నాడట. బెంగళూరు పని మానేసి మందలోకి వచ్చిన ఆమె మొగుడు గొర్రెలను మేతకు తోలుకుపోయాడు. ఆమె ఒక్కతే ఉంది. వెడల్పాటి గిన్నెలో జొన్నరొట్టె తుంచి మజ్జిగలో నానబెడుతోంది. రెండు సన్నటి కుక్కలు ఎడంగా కూర్చుని చూస్తున్నాయి.

"డాక్టరు సామి" అంది. ఆశ్చర్యపోలేదు. "ఈడికి బదిలీ చేసినారా?"

"లేదమ్మా. నీతో మాట్లాడల్లని వచ్చినా."

"వీటికి పెట్టినాక మాట్లాడు. ఆకలి మీదుండాయి."

రొట్టెను రెండు భాగాలు చేసి, పెద్దదాని గిన్నెలోంచి కొంచెం తీసి చిన్నదాని గిన్నెలో వేసింది. అవి తినడం మొదలుపెట్టాక గట్టు మీద కూర్చుంది. నేను నిలబడే చెప్పాను. సీసా ఎందుకిచ్చానో, డాక్టరు అడిగినప్పుడు ఏం దాచానో, డాక్టరమ్మ దగ్గర ఏం తెలుసుకున్నానో, తెలిసి ఎన్నాళ్లు ఊరుకున్నానో. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు.

"అట్లయితే పాలు చాలక కాదు" అంది చివరికి.

"కాదు."

"ఆ రెండో మందు, నెలరోజులు తాపమన్నది, నేను సగంలో పారబోస్తి. తెల్సా?"

"తెలీదు. ఎందుకు పారబోసినావు?"

"తాపేకొద్దీ కుంటు ఎక్కువైతాండె. కండ్లతో చూస్తాంటే తెలీదా?"

"మరి ఇంట్లో చెప్పలేదా అమ్మా?"

"చెప్తి. తప్పు కప్పిపెట్టుకునేకి డాక్టరు రాసిన మందు మీద యేస్తాందన్నారు."

కుక్కలు ఖాళీ గిన్నెలు నాకుతున్నాయి. ఆ కూన ఎన్నాళ్లు బతికిందని అడిగాను. ఏడాదిలోపే పోయి ఉంటుందని నేను అనుకున్నాను.

"తొమ్మిదేండ్లు" అంది. "వాత పెట్టనీలేదు. ఒళ్లు రానీలేదు. ఒళ్లొస్తే ఆ వంకరకాళ్లు మొయ్యవు గదా. పూటకు అర రొట్టె, చెంబు మజ్జిగ. ఊరికే పండుకుంటే కీళ్లు పట్టుకపోతాయని పొద్దున్నే బాయి దాకా నిదానంగా నడిపిస్తాంటి. చలికాలం ఆముదపాకు ఎచ్చజేసి కడ్తాంటి. మందతో పోలేకపోయె గానీ, ఇంటికాడ దొడ్డికంతా అదే కాపలా. మా అక్క పెట్టిన కూడు మాత్రం తింటాండ్లేదు. దానికి గూడా తెల్సు ఎవరేం చెప్పినారో." అక్క అంటే తోడికోడలు. మొదటిసారి కొంచెం నవ్వింది.

అప్పుడు తప్పయిపోయిందని అనబోయాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెందుకు చెప్తావు సామీ? నేను తియ్యలేదని నాకు తెల్సు గదా. తెలియనోళ్లకు చెప్పు."

"ఎవరికి చెప్పమంటావు?"

"బొచ్చు కత్తిరించే దినం ఊరికి రా. మా మామ ఉంటాడు, మా అక్క ఉంటాది, పేరు పెట్టినోళ్లు, పిలిచినోళ్లు అందరూ ఉంటారు. ఆపొద్దు చెప్తే చెప్పు. ల్యాకుంటే ఈపొద్దు బస్సుకు పెట్టింది దండగ." లేచి గిన్నెలు కడగడానికి కాలువ వైపు పోయింది.

నాకు రెండు నెలలు గడువు దొరికింది. ఆ రెండు నెలల్లో చాలా దారులు వెతికాను. ముసలాయన ఒక్కడికే చెబితే చాలనుకున్నాను. ఉత్తరం రాస్తే ఎలా ఉంటుందని ఆలోచించాను. ఆమె అడిగింది అది కాదని తెలిసీ ఆలోచించాను. తొలకరికి ముందు, మంద ఊరికి చేరి బొచ్చు కత్తిరించే రోజు పెట్టుకున్నారని కబురు తెలిసింది. పొద్దున బస్సుకు పోయాను.

నేను చేరేసరికి పాలు చల్లడం అయిపోయింది. చల్లింది పెద్దకోడలే. దొడ్డినిండా జనం, ముప్పై నలభై మంది ఉంటారు. వరసగా కూర్చుని కత్తెర్లు ఆడిస్తున్నారు. నల్లబొచ్చు కుప్పలుగా పడుతోంది. కత్తిరించిన గొర్రెలు వేరే మూలన సగం ఒళ్లతో నిలబడి ఉన్నాయి. చిన్నకోడలు ఒక గొర్రె కాళ్లు పట్టుకుని నేల మీద కూర్చుని ఉంది, ఆమె మొగుడు బొచ్చు కోస్తున్నాడు. నన్ను చూసి తల దించుకుని పట్టు సరిచేసుకుంది.

ముసలాయన మంచం మీద కూర్చుని ఉన్నాడు. "ఎవరప్పా?" అన్నాడు.

"ఆసుపత్రి అటెండరును పెద్దాయనా. మీ పెద్దకాళ్ల కూన సంగతి ఒకటి అందరికీ చెప్పల్ల."

"చచ్చిన కుక్క సంగతా?" అని ఎవరో అన్నారు. "మజ్జిగ తాగి చెప్పప్పా, యాడికీ పోదు అది."

మజ్జిగ తాగలేదు. గట్టిగా, అందరికీ వినబడేటట్టు, ఆమెకు గట్టు దగ్గర చెప్పినట్టే మొత్తం చెప్పాను. మొదట నాలుగైదు కత్తెర్లు ఆగాయి. చెప్పడం అయ్యేసరికి అన్నీ ఆగాయి.

"పదకొండేండ్లు యాడ నిద్రపోతివి?" అన్నాడు ఒక ముసలివాడు.

"నిద్రపోలేదప్పా. తెలిసే ఊరుకుంటి."

పెద్దకోడలు కుప్ప దగ్గర నుంచి లేచింది. "ఇప్పుడొచ్చి చెప్తాండావే, ఆయమ్మ పిలిపించిందా?"

"పిలిపించింది. పిలవకపోయింటే వచ్చేటోణ్ణో లేదో నాకే తెలీదు. చెప్పింది మాత్రం నిజం."

ఆమె చేతికి అంటిన బొచ్చు దులుపుకుంటూ అలాగే నిలబడింది. ముసలాయన చాలాసేపు తల ఆడించాడు. తర్వాత నేను ఎదురుచూడని ప్రశ్న అడిగాడు.

"అట్లయితే ఆ తోడేలు?"

"తోడేలు తోడేలే పెద్దాయనా. కుక్క లేదని వచ్చింది. కుక్క లేకుండా చేసింది నేను."

చిన్నకోడలి మొగుడు కత్తెర కింద పెట్టి పెళ్లాం మొహం చూశాడు. ఆమె చేతిలో ఉన్న గొర్రె ఒకసారి తన్నుకుంది. ఆమె దాని కాళ్లు వదల్లేదు, తల ఎత్తి నా వైపు చూసింది. నేను పోయి ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాను.

"అమ్మా, కుక్క వాటా పాలు నువ్వు తియ్యలేదు. నీ బిడ్డ తాగలేదు. నువ్వు పెంచినట్టే పెంచనిచ్చింటే ఆ కూన కాళ్లు బాగుండేవి. డాక్టరు ముందర నిన్ను మాట్లాడనీకుండా చేసింది నేను. మీ మామ అడిగినప్పుడు లోపలికి పోయింది నేను. కాల్షియం సంగతి తెలిసినాక గూడా మూడేండ్లు నోరు మూసుకుంటి. తప్పు నాది. నన్ను క్షమించు."